దిగే దారి

మనుషుల్ని తీగకి వేలాడే కుర్చీల్లో కొండ మీదికి మోసే కొత్త లిఫ్టుని ఊరివాళ్ళ కోసం తెరిచిన గురువారం పొద్దున బుర్గి ఎప్పుడూ చెయ్యని పని చేసింది. మంచు మీద జారే స్కీలకి మైనం సగం పూసి, మిగతా సగం అలాగే వదిలేసింది. మైనం కరిగించే ఇస్త్రీపెట్టె తీగ పీకి పక్కన పెట్టి, దుకాణానికి తాళం వేసుకుని బయల్దేరింది.

ఆమె దుకాణం వాలు మొదట్లోనే ఉంది. వెనక తలుపు తీస్తే మంచే. చక్రాల కుర్చీని గుమ్మం దాకా తెచ్చుకుని, చేతుల మీద బరువంతా మోపి, ఒక్క ఊపున తన డొప్పలోకి దిగింది. డొప్ప అని ఆమె పెట్టుకున్న పేరే. నడుం దాకా పట్టే గట్టి ప్లాస్టిక్ సీటు, దాని కింద స్ప్రింగు, స్ప్రింగు కింద ఒకే ఒక్క స్కీ. చేతుల్లో రెండు పొట్టి కర్రలు, వాటి చివర్లలో వేలెడేసి స్కీలు. కాళ్ళని సీటు ముందుభాగంలో సర్ది పట్టీలు బిగించింది. ఇరవై ఏళ్ళకి పైగా ఆ కాళ్ళు ఆమె మాట వినడం లేదు. చేతులు మాత్రం ఇద్దరి పని చేస్తాయి.

వేసవంతా ఆమె దుకాణం గుమ్మంలో కూర్చుని హెలికాప్టరు ఇనప స్తంభాలు మోసుకొచ్చి కొండ మీద ఒక్కొక్కటే నిలబెడుతుంటే చూసింది. పాత లిఫ్టు ఇద్దరు కూర్చునేది. కుర్చీ ఆగేది కాదు, వెనకనుంచి వచ్చి తన్నేది. లిఫ్టు దగ్గర పనిచేసే ముసలి కాసియన్ మీట నొక్కి దాన్ని నెమ్మది చేసి, మోకాలితో ఆమె డొప్పని ఎగదోస్తే తప్ప ఎక్కడం అయ్యేది కాదు. కొత్తది ఆరుగురిది. కుర్చీ స్టేషన్లోకి రాగానే పై తీగని వదిలేసి నత్తలా నడుస్తుంది. ఎక్కేచోట కింద కదిలే పట్టా కూడా ఉంది. లానెక్ ఊరంతా కుర్చీల మీది గాజుకప్పు గురించీ, వెచ్చటి సీట్ల గురించీ చెప్పుకుంటుంటే బుర్గికి మొదట తట్టింది ఒక్కటే: ఇక నన్నెవరూ తొయ్యక్కర్లేదు.

వరసలో అందరూ తెలిసినవాళ్ళే. రొట్టెల దుకాణం వాళ్ళు, బడిపంతుళ్ళు, పాలకేంద్రం వాళ్ళు. గేటు చప్పుడు చేసి తెరుచుకుంది, బుర్గి లోపలికి జారింది. పట్టా పక్కన కాసియన్ కొత్త కోటు వేసుకుని పెళ్ళికొడుకులా నిలబడ్డాడు.

"రా అమ్మాయ్, రా! నీకోసమే చూస్తున్నా. ఇవాళ నా మోకాలికి సెలవు."

"ఆగండి," అంది వెనకనుంచి ఒక గొంతు.

అద్దాల గదిలోంచి రెజీనా వచ్చింది. ఆకురాలే కాలంలో పక్క లోయనుంచి వచ్చి లిఫ్టులన్నిటికీ పెద్దగా చేరిన మనిషి. ముప్పై అయిదు దాటి ఉండదు. నెత్తిన టోపీ లేదు, భుజాన వాకీటాకీ ఉంది.

"హాస్ప్ గారూ, మీరు ఈ లిఫ్టు ఎక్కడానికి లేదు. ఇంకా లేదు."

ఊళ్ళో ఆ ఇంటిపేరు పెట్టి బుర్గిని పిలిచేది పన్నులవాళ్ళొక్కరే. కొండ మీద ఎవరైనా ఎవరినైనా 'నువ్వు' అనే అంటారు. ఆ 'మీరు' తలుపు మూసినట్టు వినపడింది.

"ఏమిటమ్మా రెజీనా, ఈవిడెవరో తెలియదా?" అన్నాడు కాసియన్. "పాత లిఫ్టు మీద ఇన్నేళ్ళూ ఎక్కించింది నేనే."

"తెలుసు. లిఫ్టు మధ్యలో ఆగిపోతే ఈవిణ్ణి కిందికి దించే ఏర్పాటు నా దగ్గర లేదు. మిగతావాళ్ళకి ఉంది. ఈవిడకి లేదు."

"ఆగితే అప్పుడు చూసుకుంటాం!"

"ఎలా చూసుకుంటారు?"

కాసియన్ నవ్వేశాడు. వరసలో మరికొందరు నవ్వారు. వెనకనుంచి ఎవరో ఆడమనిషి, "పాపం, ఎక్కనివ్వండమ్మా," అంది. ఎక్కొద్దన్న మాట కంటే ఆ 'పాపం' ఎక్కువ గుచ్చుకుంది బుర్గికి.

"సరే. వెళ్ళిపోతాను," అంది.

వెళ్ళడమూ తేలిగ్గా లేదు. గేటు లోపలికి తెరుచుకుంటుందే గాని బయటికి తెరుచుకోదు. కాసియన్ కొత్త కోటు జేబులన్నీ వెతికి తాళంచెవి దొరక్క, గదిలోకి పరిగెత్తి, రెండోసారి పరిగెత్తి, చివరికి తెరిచాడు. ఈలోగా వెనకున్నవాళ్ళందరూ స్కీలు ఒకదానికొకటి తగిలించుకుంటూ, తూలుతూ, పక్కకి ఒత్తిగిల్లి ఆమెకి దారి ఇచ్చారు. ఎవరూ ఆమె మొహంలోకి చూడలేదు. రెజీనా మాత్రం చూసింది.

మర్నాడు పొద్దున్నించీ దుకాణంలో సానుభూతి గిరాకీ. స్కీలకి పదును పెట్టించుకునే వంకతో వచ్చి ప్రతివాళ్ళూ తలో మాటా అనిపోతున్నారు. బుర్గి తలెత్తకుండా పని చేసుకుంది. స్కీని బల్లకి బిగించి, ఆకురాయిని అంచుకి ఆనించి, ఒకే ఊపున ముక్కునుంచి తోక దాకా లాగుతుంది. ఇనపరజను బల్ల మీద సన్నగా రాలుతుంది. బొటనవేలి గోరుతో అంచుని తాకి చూస్తుంది. గోరు మీద తెల్లటి పొడి లేస్తే పదును సరిపోయినట్టు.

మధ్యలో మేయరు ఫోను చేశాడు. ఆదివారం ఫాదరు వచ్చి లిఫ్టుని ఆశీర్వదిస్తాడు, బ్యాండు ఉంటుంది, పేపరువాళ్ళు వస్తారు. మొదటి కుర్చీలో తన పక్కన బుర్గి కూర్చోవాలని అందరి కోరికా అట.

"నన్ను ఎక్కనివ్వరటగా?" అంది బుర్గి.

"ఆ ఒక్కసారికి నేను చెబుతాలే."

"ఆ ఒక్కసారికి," అని ఆమె ఆ మాటని మళ్ళీ అంది. తర్వాత, "వస్తాను," అంది.

ఫోను పెట్టేశాక ఆమెకి కొంచెం హుషారొచ్చింది. వస్తుంది. బ్యాండు ఆగాక, పేపరువాళ్ళు ఫోటో తీసేముందు, మైకు అడిగి పుచ్చుకుంటుంది. ఏం మాట్లాడాలో ఆకురాయి లాగే ఊపులో ఒక్కో వాక్యం తయారవుతోంది. "ఈ లిఫ్టు అందరిదీ అని బోర్డు పెట్టారు..." అని మొదలుపెట్టాలి.

తమ్ముడు వెండెల్ వెనక తలుపునుంచి వచ్చాడు. పక్క గుట్ట మీద ఆవులున్నాయి అతనికి. లిఫ్టు ఆగిపోయినప్పుడు జనాన్ని తాళ్ళతో దించే దళంలో కూడా ఉన్నాడు. వెన్న ముద్ద బల్ల మీద పెట్టి, చేతులు జేబుల్లో పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

బుర్గి మైకు సంగతి చెప్పింది. అతను సంతోషిస్తాడనుకుంది. వెండెల్ గోడకి వేలాడే స్కీల వంక చూస్తూ నిలబడ్డాడు.

"అక్కా, ఒక మాట. కోప్పడకు."

"కోప్పడాల్సిందేనా?"

"అవును."

"అయితే చెప్పు."

"ఆ రెజీనా పోయిన వారమే నన్నడిగింది. మీ అక్క ఆ డొప్పతో ఒకసారి వస్తారా, తాడు కట్టి దించి చూద్దాం, అని. నేను కుదరదన్నాను."

"ఎందుకురా?"

"మా అక్కని బంగాళాదుంపల మూటలా కట్టి దించుతారా, అని అరిచాను. నీ తరఫున మాట్లాడాననే అనుకున్నా."

ఆకురాయి ఆగింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు బాధపడతావని."

బుర్గి రజను బల్ల మీదనుంచి అరచేత్తో నెమ్మదిగా తుడిచింది. మండుతున్నది కోపమో, ఇంకేమిటో ఆమెకి అంతు చిక్కలేదు.

"మీ దళం ఏటా తాళ్ళు కట్టి సాధన చేస్తారు కదరా. ఎవరెవర్ని దించారు?"

"పెద్దవాళ్ళని. పిల్లల్ని. స్పృహ తప్పినవాణ్ణి ఎలా దించాలో కూడా చేశాం. ఒకసారి కుక్కని దించాం."

"కుక్కని."

"అటవీశాఖ ఆయనది. దానికీ ఒక సంచీ కుట్టించాం."

"మరి నన్ను?"

బయట కొత్త లిఫ్టు చప్పుడు లేకుండా తిరుగుతోంది. పాతదైతే ఈపాటికి గడగడమనేది.

"నీ సంగతి ఎవరూ ఎత్తలేదక్కా," అన్నాడు. "నేను కూడా ఎత్తలేదు. నువ్వు ఎప్పుడూ బాగానే దిగొచ్చేదానివి."

మధ్యాహ్నం బుర్గి చక్రాల కుర్చీలో లిఫ్టు దాకా వెళ్ళింది. మంచు తొక్కి గట్టిపడ్డ దారి కాబట్టి సరిపోయింది. కాసియన్ పట్టా ముందర మంచు పారతో చదును చేస్తున్నాడు. పారని వాలుగా పట్టుకుని పైపొరని గీకి, గుంటలోకి నెట్టి, బూటుతో అణుస్తున్నాడు. ఆమెని చూడగానే పార గుచ్చి వచ్చాడు.

"మేయరుతో మాట్లాడావా? ఆ పిల్లకి బుద్ధి చెప్పిస్తాడులే."

"కాసియన్, పాత లిఫ్టు మీద నేను ఉండగా అది ఆగిపోతే ఏం చేసేవాడివి?"

"ఆగలేదుగా."

"ఆగుంటే?"

"నిన్ను పెళ్ళి చేసుకుంటానని మొక్కుకునేవాణ్ణి." నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతని నవ్వు కూడా మీసాల్లోనే ఇంకిపోయింది. టోపీ తీసి, నెత్తి గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నిజం చెప్పనా? నువ్వు ఎక్కిన ప్రతిసారీ, పై స్టేషన్లో ఉండేవాడు ఫోను చేసి 'దిగింది' అనేదాకా నేను కాఫీ ముట్టేవాణ్ణి కాదు. నీ కుర్చీ ఆ పెద్ద స్తంభం దాటేదాకా చూస్తూ నిలబడేవాణ్ణి. గాలి వచ్చిన రోజున ఇంటికెళ్ళినా అన్నం సయించేది కాదు. మా ఆవిణ్ణి అడుగు."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"చెబితే నువ్వు మానేసేదానివి. నీ డొప్పని ఎలా దించాలని నేను ఎవర్నైనా అడిగితే, వాళ్ళు ఎక్కించొద్దనేవాళ్ళు. అడక్కపోతే ఇద్దరికీ బాగుంటుంది కదా అని..." మాట పూర్తి చెయ్యకుండా పార అందుకున్నాడు.

ఆమెకి అతని మీద కోపం రాలేదు. ఇన్నేళ్ళూ ఆ కుర్చీలో తను ఒక్కతే, ఎవరి అవసరమూ లేకుండా గాలిలో తేలిపోతున్నాననుకుంది. పైన తను పాటలు పాడుకుంటుంటే కింద ఒక ముసలాయన కాఫీ చల్లారబెట్టుకుని నిలబడేవాడన్నమాట. అందరూ ఆమెని ప్రేమగా ఎక్కించారు. ఎలా దిగుతుందని అడిగింది మాత్రం ఒక్క మనిషే.

రెజీనా గది తలుపు తెరిచే ఉంది. బుర్గి గడప దగ్గరే ఆగింది.

"రేపు నన్ను దించి చూస్తారా?"

రెజీనా కుర్చీలోంచి లేచింది. "మీరు వస్తారా?"

"డొప్పతో సహా."

"పొద్దున్నే రండి. ఎవరూ ఉండరు," అంది రెజీనా. ఒక్క క్షణం ఆగి, "ముందే మీ దగ్గరికి నేనే రావాల్సింది. మీ తమ్ముడు వద్దంటే మీరు వద్దన్నట్టే అనుకున్నాను. నిన్న అందరి ముందూ అలా... ఆ గేటు విషయంలో కూడా తప్పు మాదే," అంది.

"గేటు దరిద్రంగా ఉంది," అంది బుర్గి.

"విప్పించేశాను. రెండువైపులా తెరుచుకునేది పెడుతున్నారు."

శనివారం ఆకాశం నిర్మలంగా ఉంది. చలి ముక్కుపుటాల్లో గుచ్చుకుంటోంది. వెండెల్, కాసియన్, దళంలో ఇంకొకతను మొదటి స్తంభం అవతల మంచులో కాళ్ళు పాతుకుని నిలబడ్డారు. ముందే బుర్గిని దించొద్దంది రెజీనా. డొప్పలో ఆవులకి నాకడానికి పెట్టే ఉప్పుబస్తాలు కట్టి పైకి పంపారు. వెండెల్ కొట్టంలోంచి తెచ్చినవే.

"అక్క కంటే ఇవి నయం, నోరెత్తవు," అన్నాడు వెండెల్.

"నీ ఆవుని దించినట్టు దించావో చూసుకో," అంది బుర్గి కిందనుంచి.

పై తీగ మీదుగా తాడు వేసి, డొప్ప చట్రానికి నాలుగు మూలలా పట్టీలు కట్టి, పైన ఒకే కొక్కేనికి కలిపారు. రెజీనా కుర్చీలో కూర్చుని డొప్పని అంచు దాటించింది. కింద వెండెల్ తాడు వదలడం మొదలుపెట్టాడో లేదో, స్కీ బరువుకి ముక్కు కిందికి వాలింది. డొప్ప తలకిందులై ఉప్పుబస్తాలు రెండు ధనామని మంచులో కూరుకుపోయాయి.

బస్తాలు పడ్డ గుంటల వంకే అందరూ చూస్తున్నారు. కాసియన్ మొహం తెల్లబడింది. ఇన్నేళ్ళూ తను ఎక్కించింది దేనిమీదికో అప్పుడు చూసినట్టున్నాడు.

"ముందు పట్టీలు కురచ చెయ్యాలి," అంది రెజీనా.

"ముక్కు కొంచెం పైకే ఉండాలి," అంది బుర్గి. "ఉప్పుబస్తాకి నడుం లేదు, నాకుంది. చంకల కిందనుంచి ఇంకో పట్టీ తెచ్చి అదే కొక్కేనికి తగిలిస్తే నేను ముందుకి వాలను."

కట్టారు. రెండోసారి బస్తాలు కొంచెం ఊగుతూ, బుద్ధిగా దిగాయి. మూడోసారి ఊగను కూడా లేదు.

తర్వాత బుర్గి. రెజీనా ఆమె పక్కన కూర్చుంది. సూదాకుల ఫర్ చెట్ల కొసలు పాదాల కిందికి వచ్చే దాకా కుర్చీ వెళ్ళి ఆగింది. తాడు కొక్కెం పడింది. కింద వెండెల్ చెయ్యి ఊపాడు. ఇక బుర్గి చెయ్యవలసింది ముందున్న కమ్మీని వదలడమే.

వదల్లేకపోయింది.

ఎంత వేగంగానైనా వాలు మీద దూకే మనిషి. కర్రలు ఆనించి గడ్డకట్టిన మంచు మీద ఒంటి అంచున నిలబడగలదు. ఇప్పుడు వేళ్ళు ఆమె మాట వినడం లేదు. కాళ్ళు వినకపోవడం ఆమెకి అలవాటే, వేళ్ళు వినకపోవడం ఇదే మొదలు.

"భయంగా ఉందా?" అంది రెజీనా.

"లేదు."

"మొదటిసారి తాడు మీద దిగినప్పుడు నేను వాంతి చేసుకున్నాను."

బుర్గి తల తిప్పింది. "ఎక్కడ?"

"కింద మా సారు ఉన్నాడు. ఆయన టోపీ మీద."

బుర్గికి నవ్వు పొంగుకొచ్చింది. కుర్చీ ఊగింది. కిందనుంచి కాసియన్, "ఏమైంది? ఏమైంది?" అని అరుస్తున్నాడు.

"ఆ చెయ్యి ఇలా ఇవ్వు," అంది రెజీనా. "ఒక్కటే. రెండోది నీ ఇష్టం. నువ్వు వదిలేదాకా వాళ్ళు తాడు కదపరు. పొద్దు గూకినా కదపరు."

బుర్గి ఒక చెయ్యి ఇచ్చింది. రెజీనా చేతికి గ్లవుజు లేదు. వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి, కొంచెం వణుకుతున్నాయి కూడా. ఆ వణుకు తగలగానే బుర్గికి ఎందుకో స్థిమితం చిక్కింది. రెండో చెయ్యి దానంతటదే వదిలింది.

"కానివ్వండి!" అని అరిచింది కిందికి.

అంచు దాటిన క్షణంలో ఒక్క కుదుపు. తర్వాత ఏమీ లేదు. పట్టీలు బిగిశాయి, డొప్ప ముక్కు పైకెత్తి నిలబడింది. ఫర్ కొమ్మలు నెమ్మదిగా పైకి వెళ్తున్నాయి. ఒక కొమ్మ మీద ఎర్రమూతి పిట్ట ఆమె తన ముందునుంచి కిందికి పోతుంటే తల వంచి చూసింది. తాడు వెండెల్ చేతుల్లోంచి జానెడు జానెడుగా వస్తోంది. వాడి మొహం ఎర్రగా కందిపోయింది, నాలిక పళ్ళ మధ్య కరుచుకుని ఉంది, చిన్నప్పుడు బూట్ల లేసులు కట్టుకునేటప్పుడు చేసినట్టే.

స్కీ మంచుని తాకింది. వెండెల్ తాడు వదిలేసి వచ్చి ఆమె భుజాలు పట్టుకున్నాడు. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో అతనికి తెలియలేదు. ఆమెకీ తెలియలేదు.

"మూటలా దించానా అక్కా?"

"మూటకంటే నయం." ముక్కు ముంజేత్తో తుడుచుకుంది. "మళ్ళీ దించండి. ఈసారి నువ్వు కాదు, నీ పక్కవాడు దించాలి. దళంలో అందరికీ రావాలి. ఎవరు ఎప్పుడు దొరుకుతారో ఎవరికి తెలుసు?"

మధ్యాహ్నం దాకా దించారు. చివరికి కాసియన్ కూడా ఒకసారి దించాడు. రెజీనా వెనక నిలబడి తాడు తోక పట్టుకుంది. బుర్గి నేలని తాకాక కాసియన్ మంచులోనే చతికిలబడి, ఫ్లాస్కు మూత తీసి, పొగలు కక్కుతున్న కాఫీ గడగడా తాగేశాడు. నోరు కాలింది. అయినా ఆపలేదు.

ఆ సాయంత్రం బుర్గి మేయరుకి ఫోను చేసింది. "మొదటి కుర్చీలోకి నేను రాను. ఫోటోకి వేరేవాళ్ళని చూసుకో. నేను తర్వాత వస్తాను, ఎక్కడానికి," అంది. మైకు సంగతి ఎత్తలేదు. తయారుచేసుకున్న ఉపన్యాసంలో వాక్యాలు ఒక్కటీ గుర్తు లేవు.

ఆదివారం బ్యాండు వాయించింది. ఫాదరు కుర్చీల మీద పవిత్రజలం చల్లితే చల్లినచోటల్లా గడ్డకట్టింది. మొదటి కుర్చీలో మేయరూ ఫాదరూ కూర్చోగానే గాజుకప్పు కిందికి దిగింది, ఇద్దరి ఊపిరికీ లోపలంతా ఆవిరి కమ్మింది. పేపరువాళ్ళకి ఆ ఆవిరిలోంచి ఊగే ఒక అరచెయ్యి తప్ప ఏమీ దొరకలేదు.

జనం సూప్ కోసం గుడారాల వైపు కదిలాక బుర్గి వచ్చింది. గేటు తెరుచుకుంది. ముందు ఎవరూ లేరు. వెనక కొందరు పర్యాటకులు తమ గొడవలో తామున్నారు.

"తొయ్యనా?" అన్నాడు కాసియన్.

"వద్దు."

ఆమె డొప్ప పక్కనున్న మీట లాగింది. స్ప్రింగు మీద డొప్ప పైకి లేచింది. పట్టా కింద కదిలింది. కుర్చీ వెనకనుంచి, తలుపు దగ్గర చెప్పులు విప్పుకుని వచ్చే చుట్టంలా నెమ్మదిగా వచ్చి, ఆమె కిందికి చేరింది. కర్రలతో ఒక్కసారి నెట్టుకుంది. కూర్చుంది. అంతే. ఆరుగురి కుర్చీలో ఒక్కతే.

నేల జారిపోయింది. బుర్గి వెనక్కి తిరిగి చూసింది.

కాసియన్ ఆమె వంక చూడటం లేదు. అటు తిరిగి, కర్రలు అడ్డంగా పట్టుకున్న ఒక లావుపాటి పర్యాటకుణ్ణి గట్టిగా కేకలేస్తున్నాడు. ఎడమచేతిలో కాఫీ కప్పు ఉంది. ఆమె కుర్చీ మొదటి స్తంభం దాటింది, రెండోదీ దాటింది. అతను తల ఎత్తలేదు.

బుర్గి ముందుకి తిరిగి గాజుకప్పు దించుకుంది.